వేలమయ్య మహిమ: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

రంగు మాసి తుప్పు రాలిన ఫెర్రారి
కొట్టమందు దొరికి కోట్లు పలికె
మెరుపులీను కారు మిగిలెను వాకిట
వేలమయ్య నీదు వింత మహిమ

అవతారిక

ఈ పద్యం తాళపత్రాల్లో దొరికింది కాదు. మొన్న రాత్రి నేనే రాశాను. తన పద్యానికి తానే టీక రాసుకోవడం మర్యాద కాదని తెలుసు. కానీ ఇంకెవరూ పూనుకునేలా కనిపించలేదు. పైగా ఈ పద్యం వర్ణించే లోకంలో సరుకు అమ్మిపెట్టేవాడే దాని చరిత్ర రాసి, అందంగా అచ్చు వేసి, పంచిపెడతాడు. ఆ ఆచారం నాకూ చెల్లుతుందని విన్నపం.

సందర్భం ఇది. ఏటా ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరే తీరంలో పాత కార్ల జాతర జరుగుతుంది. పెబుల్ బీచ్ గోల్ఫు మైదానం పచ్చిక మీద కార్లకు అందాల పోటీ ఒక పక్క, వేలం సంస్థల హడావుడి ఇంకో పక్క. చలికాలంలో పారిస్‌లో మరో జాతర. ఎక్కడైనా మూలవిరాట్టు ఒక్కటే: 1950లు, 60ల నాటి ఇటలీ పందెపు కారు. మజెరాటీ, లంబోర్ఘినీ, ఆల్ఫా రోమియోలు పరివార దేవతలు. 1939 నాటి ఆల్ఫా 8సీ 2900బీ ఒకటి 2016లో మాంటెరేలో కోటీ 98 లక్షల డాలర్లు పలికింది కనుక పరివారాన్ని చులకన చేయరాదు. అయినా గర్భగుడిలో ఉన్నది ఫెరారీయే.

ప్రతిపదార్థం

రంగు మాసి = పూత వెలిసిపోయి. 'మాసినది' అంటే మన ఇళ్లలో ఉతకవలసినది. ఆ లోకంలో ఉతకకూడనిది. ఫ్యాక్టరీలో మొదట వేసిన రంగు ఎండకు వెలిసినా, గీతలు పడినా, దాన్ని అలాగే ఉంచమని పెద్దల ఉపదేశం. ముచ్చటపడి కొత్త రంగు కొట్టిస్తే ధర తగ్గే ప్రమాదం ఉంది. మా అమ్మ ఈ పంక్తి విని, "అంటే బద్ధకస్తులకు పుణ్యం దక్కే చోటన్నమాట" అంది. ఆమె వ్యాఖ్యను నేను ఖండించలేదు.

తుప్పు రాలిన = తాకితే ఎర్రటి పొడి చేతికి అంటుకునే. ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది: ఆనాటి పందెపు ఫెరారీల పైతొడుగు అల్యూమినియం కదా, అల్యూమినియానికి తుప్పు పట్టదు కదా, కవి అవివేకి కదా? సమాధానం: తొడుగు అల్యూమినియమే కానీ లోపలి అస్థిపంజరం ఉక్కు గొట్టాలు. తుప్పు చర్మానిది కాదు, ఎముకలది. కవి లోపలికి చూశాడు.

దృష్టాంతం కావాలంటే 2023 ఆగస్టులో మాంటెరేలో వేలానికి వచ్చిన 1954 నాటి ఫెరారీ 500 మోండియాల్ ఫొటోను దగ్గరగా చూడండి. చక్రాలు లేవు. ముందు అద్దం లేదు. కూర్చునే చోటు లేదు. ఎప్పుడో 1960లలో గుద్దుకుని, కాలిపోయింది. ఆ తరవాత దశాబ్దాల పాటు దాన్ని ఎవరూ బాగుచేయలేదు. ముక్కు నలిగి, పొట్ట నేలను కరుచుకుని, పిడికిట్లో పిండి పారేసిన సిగరెట్టు పెట్టెలా ఉంటుంది. మా వీధిలోకి వచ్చే పాత ఇనుప సామాన్ల బండివాడు చూస్తే, "అల్యూమినియం వేరు చేసి పెట్టండి సార్, దాని రేటు వేరు" అంటాడు. వేలంలో దానికి 18 లక్షల 75 వేల డాలర్లు వచ్చాయి. తోడుగా ఇచ్చినవి దాని గేర్‌బాక్సు, వేరే ఫెరారీ మోడలుకు చెందిన ఒక ఇంజిను. కొన్నవాడు అసలు కొన్నది వీటిని కాదు. 0406 ఎండీ అనే ఛాసిస్ నంబరును కొన్నాడు. తక్కినదంతా ఆ నంబరుకు మేకు కొట్టుకునే గోడ.

ఫెర్రారి = ఫెరారీ కారు. పత్రికల వాడుక 'ఫెరారీ'. గణం కోసం కవి రకారాన్ని ద్విత్వం చేశాడని విమర్శకులు విరుచుకుపడవచ్చు. ఇటాలియన్ భాషలోనూ ఆ పేరులో జంట రకారమే ఉంది కనుక పద్యమే ఒప్పు, పత్రికలే తప్పు. వ్యుత్పత్తి చూస్తే ఆ ఇంటిపేరుకు కమ్మరి అని అర్థం. ఇటలీలో వీధికొకరు ఉండే ఇంటిపేరు. అంటే పామరభాషలో ఇది కమ్మరివారి బండి.

ప్రకరణాన్ని బట్టి ఇక్కడ 250 జీటీఓ అనే జాతిని ప్రత్యేకించి గ్రహించాలి. '250' గుర్రాల బలం కాదు, వేగమూ కాదు. ఒక్కో సిలిండరు కొలత. సిలిండరుకు 246 ఘన సెంటీమీటర్ల పైచిలుకు, అవి పన్నెండు, వెరసి 2953. 'గ్రాన్ టూరిజ్మో' అంటే ఘనమైన దేశాటన. 'ఒమొలొగాటో' అంటే పందెం పెద్దలు సమ్మతించినది. ఈ మూడో పదంలోనే చమత్కారం ఉంది. ఆ తరగతిలో పోటీ చేయాలంటే నూరు కార్లు తయారు చేయాలని నియమం. 1962 నుంచి 64 వరకు ఎంజో ఫెరారీ తయారు చేసినవి 36. ఇది కొత్త కారు కాదు, ఇదివరకు సమ్మతి పొందిన 250 జీటీకే కొంచెం మార్పు అని ఒప్పించి ముద్ర వేయించుకున్నాడు. నూటికి ముప్పైఆరు తెచ్చుకుని పాసైన విద్యార్థి అన్నమాట. అప్పుడు అమెరికాలో దాని వెల 18,000 డాలర్ల చుట్టుపక్కల. డబ్బుంటే సరిపోదు. కొనేవాడు తగినవాడేనని ఎంజో అనుకోవాలి.

కొట్టమందు దొరికి = పశువుల పాకవంటి చోట బయటపడి. ఆంగ్లేయుల పలుకుబడిలోనూ ఇటువంటి కార్లను కొట్టంలో దొరికినవనే అంటారు కనుక కవికి అనువాద దోషం అంటుతుందేమో అని నేనూ జంకాను. కానీ కొట్టం మనదే, గడ్డీ మనదే. 2014లో పశ్చిమ ఫ్రాన్సులో ఒక రవాణా వ్యాపారి కుటుంబం వారి తోటలోని రేకుల షెడ్లలో అరవై దాకా పాత కార్లు బయటపడ్డాయి. చాలావాటిని తీగలు అల్లుకున్నాయి. వాటిలో ఒక మూల 1961 నాటి ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్. ఒకప్పుడు నటుడు అలెన్ డెలాన్ చేతిలో ఉన్న బండి. దాని వీపు మీద పాత పత్రికల కట్టలు పేర్చి ఉన్నాయి. 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో కోటీ 62 లక్షల యూరోలు దాటింది. పత్రికలకు రాసి బతికేవాడిగా నాకు ఇందులో ఊరట కలిగింది. మనం రాసినవి ఎవరూ చదవకపోయినా కింద ఉన్నవాటికి దుమ్ము పట్టకుండా కాపాడతాయి.

కోట్లు పలికె = కోట్ల వెల వినిపించెను. 'పలికె' క్రియకు కర్త ఎవరు? కొన్నవాడు కాదు, అమ్మినవాడు కాదు, కారు. తెలుగులో ధరను వస్తువే పలుకుతుంది. పోటీ పడేవాళ్లు పాడతారు, అందుకే అది వేలంపాట. కారు పలికేది ఎంత అన్నదానికి ఆ లోకంలో రెండు జవాబులు ఉంటాయి. 2018 ఆగస్టులో మాంటెరేలో 3413 నంబరు జీటీఓ మీద సుత్తి పడినప్పుడు వినిపించిన మాట 4 కోట్ల 40 లక్షల డాలర్లు. పేపర్లలో వచ్చింది 4 కోట్ల 84 లక్షల 5 వేలు. తేడా అచ్చు తప్పు కాదు. కొన్నవాడి దగ్గర సంస్థ పుచ్చుకున్న రుసుము: మొదటి రెండున్నర లక్షల మీద నూటికి పన్నెండు, ఆపైన నూటికి పది. కాగితం మీద వేసి చూడండి, చిల్లరతో సహా సరిపోతుంది. అప్పటి మారకంలో మొత్తం సుమారు 340 కోట్ల రూపాయలు. మళ్లీ అమ్మినవాడి దగ్గర ఏం పుచ్చుకుంటారన్నది గురుశిష్యుల మధ్య రహస్యం.

ఇంకో గూఢార్థం. అమ్మేవాడు లోపల ఒక కనీస ధర చెప్పి ఉంటాడు. అది చేరేవరకు ఎదుట ఎవరూ పాడకపోయినా వేలం నిర్వాహకుడు తానే అంకె పెంచుకుంటూ పోవచ్చు. చాలాచోట్ల ఇది చట్టసమ్మతమే. ఆ లోకంలో దాన్ని షాండిలియర్ పాట అంటారు. కప్పు నుంచి వేలాడే దీపాలగుత్తి పాడిందని. వేలాడేది వేలం పాడటంలో ఉన్న శబ్దాలంకారం తెలుగువాడికే అందుతుంది.

మెరుపులీను కారు = తళతళలాడుతున్న కారు. మెరుపులు + ఈను, ఉత్వసంధి. దీనికి ఇద్దరు వ్యాఖ్యాతలు రెండు అర్థాలు చెప్పారు. (ఇద్దరూ నేనే.) మొదటి అర్థం, షోరూమ్ నుంచి నిన్న తెచ్చిన బండి. అది గేటు దాటగానే ధర పడిపోవడం అందరికీ అనుభవం. రెండో అర్థం లోతైనది: నకలు జీటీఓ. 250 జీటీఈ అని నలుగురు కూర్చునే కుటుంబపు ఫెరారీ ఉండేది. దాదాపు 950 తయారయ్యాయి. జీటీఓ ధర ఆకాశానికి ఎక్కాక వీటిలో ఎన్నిటినో విప్పదీసి, అదే కుటుంబపు పన్నెండు సిలిండర్ల ఇంజిను మీద జీటీఓ ఆకారం తొడిగారు. కొత్త రంగు, కొత్త తోలు, అసలుదానికంటే బాగా మెరుస్తుంది, బహుశా బాగా నడుస్తుంది కూడా. అయినా దాని వెల అసలుదాని వెలలో చిన్న తునక. 2019లో బొలోన్యా కోర్టు జీటీఓ ఆకారాన్ని కళాఖండంగా గుర్తించి నకళ్లు చేయరాదంది.

దీన్నిబట్టి ఈ వ్యాఖ్యాత సిద్ధాంతం: లోహం ఒకటే, ఆకారం ఒకటే, చప్పుడు ఒకటే అయినా ధర వేరు. కనుక ధర మూలానికి కాదు, టీకకు. ఎవరు నడిపారు, ఎక్కడ గెలిచింది, ఇంజిను మీది అంకె ఫ్యాక్టరీ లెడ్జరులోని అంకెతో కలుస్తుందా, మధ్యలో ఎవరి చేతులు మారింది, ఏ రోజు ఏ గోడకు గుద్దింది. వేలం కేటలాగులో ఒక్క కారుకే పేజీలకు పేజీలు రాసేవాడూ నేనూ ఒకే వృత్తివాళ్లం. వాళ్ల టీకకు నూటికి పది వస్తుంది.

మిగిలెను వాకిట = అమ్ముడుపోక ఇంటి ముందే నిలిచెను. దీనికి ఒక అపవాదం: 2025 ఆగస్టులో సరికొత్త ఫెరారీ డేటోనా ఎస్పీ3 ఒకటి రెండు కోట్ల 60 లక్షల డాలర్లు పలికింది. అది దానధర్మాల కోసం జరిగిన పాట కనుక పద్యానికి భంగం లేదు. అయితే ఒక గాలి మార్పు మాత్రం ఉంది. ఇప్పుడు డబ్బు చేతికొచ్చిన వయసువాళ్లు చిన్నప్పుడు గోడకు అంటించుకున్న పోస్టరు జీటీఓది కాదు, ఎఫ్40ది, ఎఫ్50ది. వాటి ధరలు ఉరుకుతున్నాయి. తాతల నాటి కార్లు నిలకడగా నడుస్తున్నాయి.

వేలమయ్య = వేలము అను అయ్య, సంబోధన. 'వేలు' అంటే వేల సంఖ్య అని మరో అర్థం చెప్పేవారున్నారు. వేల రూపాయలవాళ్లకు అక్కడ పని లేదు కనుక గ్రాహ్యం కాదు.

నీదు వింత మహిమ = నీ లీల. ఈ అయ్య కరుణించడమూ తెలుసు, కన్నెర్ర చేయడమూ తెలుసు. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ పోయాడు. ఇక ఆయన చేతి కార్లు రావని జనం ఎగబడ్డారు. మరుసటి ఏడాదికే జీటీఓ కోటి డాలర్లు దాటింది. జపాను ఆర్థిక బుడగ పగిలాక, 1990ల మధ్యకు అదే జాతి కారు 30 లక్షల చుట్టుపక్కలకు దిగింది. అప్పు చేసి కొన్నవాళ్ల సంగతి పద్యంలో లేదు. తరవాత మళ్లీ ఎక్కింది. 2023 నవంబరులో న్యూయార్కులో 3765 నంబరు కారు 5 కోట్ల 17 లక్షల 5 వేలు పలికి రికార్డు అన్నారు. అమ్మేవారు ఆశించింది ఆరు కోట్లకు పైన. 2018 నాటి ధరతో పోలిస్తే ఐదేళ్లకు పెరిగింది ఏడు శాతమే. బ్యాంకులో వేసుకున్న నా డిపాజిట్ ఇంకాస్త నయం. దాన్ని మాత్రం ఎవరూ ఫొటో తీయలేదు.

తాత్పర్యం

పాడైన పాత ఫెరారీకి కోట్లు వచ్చాయి. బాగున్న కొత్త కారును ఎవరూ అడగలేదు. ఓ వేలమా, ఇది నీకే తగును.

విశేషాలు

ఆటవెలది లక్షణం కుదిరింది. రెండో పాదంలో కొ-కో యతి. చూసుకోవచ్చు.

రసం ఏది? అద్భుతమని కొందరంటారు. నేను బీభత్సం కూడా కలుపుతాను. 2014లో 3 కోట్ల 81 లక్షల డాలర్లు పలికిన 3851 నంబరు జీటీఓలోనే, 1962 అక్టోబరులో పారిస్ దగ్గరి మోంలేరి ట్రాకు మీద ఆంరీ ఓరేయే చనిపోయాడు. 1948 చలికాలపు ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచిన స్కీ క్రీడాకారుడు. మన దగ్గర సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు బ్రోకరు గొంతు తగ్గించి దాచే మాట అది. అక్కడ ఆ బండి చరిత్రలో అదొక అధ్యాయం.

పాఠాంతరం: రెండో పాదాన్ని కొందరు 'గడ్డిమీద దొరికి కోట్లు పలికె' అని చదువుతారు. హల్లు కుదిరినా అచ్చు కుదరక యతి చెడుతుంది కనుక త్యాజ్యం. ఆ పాఠానికి ఆధారమైన కథ మాత్రం నిజమే. 3589 నంబరు జీటీఓను దాని యజమాని టెక్సస్‌లోని విక్టోరియా అనే ఊళ్లో ఒక హైస్కూలుకు దానం చేశాడు. బడివాళ్లు కొన్నాళ్లు ఉంచుకుని అమ్మేశారు. కొన్నాయన దాన్ని ఒహాయోలో ఆరుబయట గడ్డి పెరిగిన చోట దాదాపు పదిహేనేళ్ల పాటు వదిలేశాడు. బడికి ఆ అమ్మకంలో ముట్టింది 6,500 డాలర్లు. సంవత్సరం 1972.