మిట్టేమరి మూలము: ‘ఫిట్టు’ పదమునకు టీకాతాత్పర్యములు

మూలము: “బండి ఫిట్టుగానే ఉండాదన్నా, ఎఫ్సీ ఒకటే లేదు.”

అవతారిక. ఇది బాగేపల్లి తాలూకా మిట్టేమరిలో, టమాటా బాక్సులు నింపుకొని చింతామణి మార్కెట్టుకు బయలుదేరబోవుచున్న ఒకానొక టెంపో డ్రైవరు, “ఈ బండి అంత దూరము పోతాదా?” అని శంకించిన రైతునకు ఇచ్చిన సమాధానము. ఛందస్సు లేకపోయినను సూత్రలక్షణము దీనికి చాలవరకు పట్టినది. అక్షరములు కొలది, అర్థము కొండంత; సూత్రము సందేహమునకు తావీయరాదన్న నియమమొక్కటే భంగమైనది గాని, ఆ భంగమే లేకున్న టీకాకారులకు పూట గడుచుటెట్లు? ఈ ఊరు 2007వ సంవత్సరము వరకు కోలారు జిల్లాలోను, అటుపై చిక్కబళ్ళాపుర జిల్లాలోను చేరినది. బడిలో పలకమీది అక్షరము కన్నడము, ఇంట పొయ్యికడ పలుకు తెలుగు. ఇట్టిచోట ఆంగ్లపదము అడుగుపెట్టినచో, ఇది ఎవరి చుట్టమని అడుగువారు లేక, రెండు పంక్తులలోను దానికి విస్తరి పడును.

ప్రతిపదార్థము. బండి = వాహనము; ఎఫ్సీ = సర్కారువారి యోగ్యతాపత్రము; ఒకటే = స్వల్పమేనన్న అభినయముతో; లేదు = లేదు. మిగిలినది ‘ఫిట్టు’. శ్రమయంతయు ఇచ్చటనే.

చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున తెలుగును తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యములని నాలుగిండ్లుగా పంచెను. ఫిట్టునకు ఈ నాలుగింట ఎచ్చటను వాటా లేదు. అయినను వచ్చి, హలంతమై యుండిన తన టకారమును ద్విత్వము చేసికొని, కొసను ఉకారము తగిలించుకొని, తాతలనాటి కాపురమువలె నిలిచిపోయినది. సంతానమును పెంపొందినది. మోటారు బిగించువాడు ఫిట్టరు. బోరుబావికి పైపులు దింపుట ఫిట్టింగు. కుదిరిన పనిలో పుల్ల వేయుట ‘ఫిట్టింగు పెట్టుట’. ఈ కడపటి ప్రయోగము కన్నడ తెలుగులు రెంటను సమానముగా చెల్లుచుండుట గమనార్హము. ఫిట్టనగా ఆరోగ్యము, ఫిట్సనగా మూర్ఛరోగము. ఏకవచనమున స్వాస్థ్యమును బహువచనమున వ్యాధిని బోధించు శబ్దము మఱియొకటి కలదేమో శాబ్దికులు వెదుకుదురు గాక. వ్యుత్పత్తి వేఱని ఆంగ్ల నిఘంటువులు చెప్పునట. ఆస్పత్రి బల్లపై కూర్చున్నవానికి ఆ ఊరట అంతగా పనికిరాదు.

పర్యాయపదములు. ఈ అతిథి రాకమునుపు మనవారు ఈ పని నెట్లు జరుపుకొనిరనగా, ఒక్కొక్క పనికి ఒక్కొక్క మాటతో. చొక్కా ఒంటికి అమరును, బేరము కుదురును, వియ్యము పొసగును, నాణెము చెల్లును, పెట్టెలో చీరలు ఇముడును, మాట సందర్భమునకు ఒప్పును, కూలి పనికి తగును. సంస్కృతముపై మోజు గలవారికి ఉచితము, అర్హము, యోగ్యము ఉండనే యున్నవి. కాశ్మీరదేశపు క్షేమేంద్రుడు పదునొకండవ శతాబ్దమున ఔచిత్యము పేరిట ఒక గ్రంథమునే రచించి, అది లేని కావ్యమునకు ప్రాణమే లేదని తేల్చెను. వీనినన్నిటిని ఫిట్టొకటి మింగి కూర్చున్నది: నేడు చొక్కాయు ఫిట్టే, సంబంధమును ఫిట్టే. నిఘంటువు బరువు తగ్గినదని సంతోషింపదలచినవారు సంతోషింపవచ్చును. నాకు సంతోషము లేదు.

అది మింగజాలని మాటయు ఒకటి ఈ మెట్టపొలములలో మిగిలియున్నది: పదును. రాగియో వేరుసెనగయో వేయదలచిన రైతు, వాన వెలిసిన పిదప చేనిలోనికి పోయి, పైమన్ను కొంచెము తొలగించి, అడుగునుండి గుప్పెడు తీసి పిడికిట పిసికి, వేళ్ళు విప్పి చూచును. జిగటయై అరచేతి కంటుకొన్నచో ఇంకను ఆగవలెను. ముద్దకట్టక రాలిపోయినచో కాలము మించినది. ముద్దయై నిలిచి, బొటనవ్రేలు సోకినంతనే పొడిపొడిగా విడిపోయినదా, పదును వచ్చినట్లు. పదును నేలకు, అదును కాలమునకు. దీనికి దరఖాస్తు లేదు, ముద్ర లేదు. గడువు మాత్రము కలదు, ఎండ కాసినకొలది అది తఱిగిపోవుచుండును.

అన్వయము. తర్కసంగ్రహకర్తయు తెలుగువాడును అగు అన్నంభట్టు, వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడు హేతువులను చెప్పియున్నాడు. ఫిట్టన్నంతనే ‘దేనికి?’ అను ఆకాంక్ష పుట్టును. చతుర్థీవిభక్తి లేక ఈ పదము నిలువజాలదు. డ్రైవరు ఆ చతుర్థిని నోటిలోనే దాచుకొన్నాడు. చింతామణివఱకు పోయి వచ్చుటకు ఫిట్టని అతని భావము. రహదారిపై తిరుగుటకు ఫిట్టా యని శాసనపు ప్రశ్న. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 56వ సెక్షను ప్రకారము, యోగ్యతాపత్రము లేని రవాణాబండి సక్రమముగా రిజిస్టరైనట్లే భావింపబడదు. అనగా బాక్సుల బరువుతో ఎదుట కుంగి, పొగ క్రక్కుచున్న బండి ప్రత్యక్షప్రమాణమునకు కలదు, శబ్దప్రమాణమునకు లేదు. అద్వైతులు దీనిని వినిన ముచ్చటపడుదురు. ఎనిమిదేండ్లు నిండనంతవఱకు ఆ పత్రము రెండేండ్ల కొకసారి, నిండిన పిమ్మట ఏటేట పొందవలెను. ఏండ్లు మీరినకొలది పరీక్షలు పెరుగుట మనుష్యులకు వలెనే బండ్లకును తప్పలేదు.

యోగ్యత సంగతి. నిప్పుతో చేను తడుపుమన్న వాక్యమున విభక్తులన్నియు సరిగానే యుండును గాని, తడుపుటకు నిప్పు తగినది కాదు గనుక అర్థము పుట్టదని తార్కికులు చెప్పుదురు. ‘తాగునీటి బోరు’ అను సమాసమును ఈ గీటురాతిపై గీచి చూడుడు. బాగేపల్లి ప్రాంతమున నల్లరాతి పొరలలోనికి బోర్లు లోతుగా దిగినకొలది నీటితోకూడ ఫ్లోరైడును పైకి వచ్చును. భారత ప్రమాణముల సంస్థ లీటరునకు 1 మిల్లీగ్రామును అంగీకార్యమనియు, వేఱు నీరు దొరకనిచో 1.5 వఱకు సహింపవచ్చుననియు నిర్ణయించినది. ఆ హద్దు దాటిన నీటిని ఏండ్లతరబడి త్రాగినచో బిడ్డల పండ్లు గారపట్టును, పెద్దల కీళ్ళు బిగిసికొనును. చూపునకు ఆ నీరు తేటయే, రుచికిని లోపము లేదు. దాహము తీర్చుటకు ఫిట్టే. ఎముకలకు కాదు. చతుర్థి మాఱినంతనే అమృతము విషమగుట ఇట్టిది. ‘కుడియలు యోగ్యవల్ల’ (త్రాగుటకు యోగ్యము కాదు) అని కన్నడమున బోర్డు వ్రాసినవాడు అన్నంభట్టును చదివియుండడు. అయినను ‘కుడియలు’ అని ప్రయోజనమును ముందే పేర్కొని, డ్రైవరు విడిచిన చతుర్థిని పూరించినాడు. అందుచేతనే ఊళ్ళవారు కొళాయిని దాటి, శుద్ధజలఘటకము మ్రోల నాణెము వేసి క్యాను నింపుకొని పోవుచున్నారు.

తాత్పర్యము. బండి పోవును, పట్టుబడినచో పోదు.

పాఠాంతరము. “ఎఫ్సీ ఉండాదన్నా, బండే ఫిట్టుగా లేదు” అని క్లీనరు నోట మఱియొక పాఠము వినబడుచున్నది. ఇది లేఖకప్రమాదమని త్రోసివేయరాదు. అది నిరుటి పాఠమనియు, తనిఖీనాటికి ఎరువు తెచ్చి తొడిగిన టైర్లు మఱునాడే సొంతదారుని ఇంటికి చేరుకొన్నవనియు అతడే వివరించినాడు.