కడుక్కుని తినండి!

ఢిల్లీలో పాలకూర కట్ట కొన్నారా? కాసేపు ఉప్పునీళ్లలో నానబెట్టి, శుభ్రంగా కడుక్కుని తినండి. గాలి కాలుష్యం పేదవాడి కంచంలోకి దిగితే ఏం చేయాలంటే మన పెద్దల దగ్గరున్న మందు ఇదొక్కటే. పైసా ఖర్చు లేదు, ఫైలు కదలక్కర్లేదు. బస్తీలో కుళాయి ఏ పూట వస్తుందో అని మీకు అనుమానం వస్తే, అది మీ మనసులోని కాలుష్యం.

కడిగితే పైదుమ్ము కొంత పోతుంది, ఒప్పుకుందాం. మరి ఓజోన్? బళ్ల పొగ ఎండకు మాగి ఓజోన్ అవుతుంది. అది ఆకు మీద కూర్చోదు, పత్రరంధ్రాల్లోంచి లోపలికి దూరి ఆకునే తినేస్తుంది. పైగా నగరం నడిబొడ్డున కంటే గాలివాటున ఉన్న శివారు పొలాల్లోనే ఎక్కువ పేరుకుంటుంది. కారు తిరిగేది కన్నాట్ ప్లేస్‌లో, దిగుబడి పోయేది శివారు రైతుకు! 2005లో ఓజోన్ వల్ల దేశం పోగొట్టుకున్న గోధుమ, వరి సుమారు 56 లక్షల టన్నులని శాస్త్రవేత్తల అంచనా. దాదాపు 9 కోట్ల 40 లక్షల మంది పేదలకు సరిపోయే తిండి అది. దాన్ని కడుక్కుని తినడం కుదరదు, అసలు పండలేదు కాబట్టి.

ఇక పైదుమ్ము సంగతి. వారణాసిలో పాలకూర, బెండ, కాలీఫ్లవర్ పరీక్షిస్తే పొలంలో కంటే బజారులోనే భార లోహాలు ఎక్కువ తేలాయి. ఏసీ దుకాణానికి వెళ్లలేనివాళ్లు కొనేది రోడ్డు పక్క బుట్టలోనే కదా.

మరి దోషి ఎవరు? ఇంకెవరు, రైతే! 2015 జనవరిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ యమున వరద మైదానాల్లో తినే పంటలు వేయొద్దంది. నీరూ నేలా చెడ్డాయట. నిజమే, చెడ్డాయి. మురుగు కాలువలను బాగుచేయమని కూడా అందులోనే చెప్పింది. కాలువలు మాత్రం ఇప్పటికీ నిక్షేపంగా యమునలో కలుస్తున్నాయి. బుల్డోజర్లకు దారి తెలిసింది ఆ మైదానాల్లోని రైతుల గుడిసెలకే.

కాలువలు బాగుపడనిది డబ్బు లేక కాదు. 2021లో కన్నాట్ ప్లేస్‌లో 20 కోట్లకు పైగా పోసి స్మాగ్ టవర్ కట్టారు. గాలిని పీల్చి శుభ్రం చేస్తుందన్నారు. దాని చుట్టూ ముల్లంగి మడి ఒక్కటీ లేదు.

అయ్యా, గాలిని కొలిచే యంత్రాల్లో ఒకదాన్ని యమున ఒడ్డున కూరగాయల మడిలో, ఇంకొకదాన్ని ఆకుకూరల తోపుడుబండ్ల పక్కన పెట్టించండి. వచ్చిన అంకెలను రేషన్ షాపు గోడ మీద రాయించండి.