కుదుపు

నేను హిందూస్థాన్ అంబాసిడర్ మార్క్ 4ని. 1984లో హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపారాలో తయారయ్యాను. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ మా వంశానికి మూలం. 1489 సీసీ పెట్రోలు ఇంజను, ముందు రెండు టార్షన్ బార్లు, వెనక రెండు కమాను కట్టలు. పుట్టింది బెంగాల్లోనైనా బతుకంతా పుత్తూరులోనే. బాడుగ కారుని.

పుత్తూరులో బాడుగ కారుకు రెండు రకాల గిరాకీ ఉంటుంది. తిరుమల కొండకు పోయేవాళ్లు, నారాయణవనం కళ్యాణ వెంకన్న గుడికి పెళ్లి బృందాలు, ఎండాకాలం కైలాసకోన జలపాతానికి పిల్లామేకా ఒక రకం. రెండో రకం ఎముకలు విరిగినవాళ్లు. పుత్తూరు కట్టు పేరు వినని ఇల్లు ఇటు రాయలసీమలోనూ అటు తమిళనాడులోనూ అరుదు. రాచపాళెంలో రాజుల కుటుంబాలు తరతరాలుగా కట్లు కడుతున్నాయి. అడవిలో వేటకు పోయిన పెద్దాయన విరిగిన ఎముకలు అతుక్కోవడం కళ్లారా చూసి ఆ ఆకును పట్టుకున్నాడని ఇక్కడ చెప్పుకుంటారు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, గుడ్డ, వెదురు బద్దలు, వీటన్నిటికీ మించి వేళ్లతో తడిమి ఎముక ఎక్కడ తప్పిందో పట్టుకునే నేర్పు. ఇప్పుడు ఎక్స్‌రే చేతిలో పెట్టుకుని వచ్చేవాళ్లే ఎక్కువ.

ఆ మనుషుల్ని మద్రాసు నుంచి, తిరువళ్లూరు నుంచి, తిరుత్తణి నుంచి నగరి మీదుగా తెచ్చింది నేను. నా వెనక సీటు వెడల్పు వాళ్లకు పనికొచ్చేది. ఒక మనిషిని పడుకోబెట్టి, తలవైపు ఒకరు కూర్చుని ఒళ్లో తల పెట్టుకోవచ్చు. తొడ ఎముక విరిగిన మనిషికి రోడ్డు ఎంత పొడవో అక్కర్లేదు, ఎంత కుదుపుతుందో కావాలి. మామూలు ప్రయాణికుడు గుంట తగిలితే డ్రైవరును తిట్టుకుని మరిచిపోతాడు. విరిగిన ఎముక గుంట రాకముందే బిగుసుకుంటుంది. వెనక నుంచి ‘మెదువా పోప్పా, మెదువా’ (మెల్లగా పోవయ్యా, మెల్లగా) అనే తమిళం విని విని, నా స్ప్రింగుల పని ఏమిటో నాకు బాగా తెలిసింది.

కుదుపు చక్రం కింద నుంచే రానక్కర్లేదు. బండి నిలబడి ఉన్నప్పుడూ వస్తుంది. కట్టు కట్టేచోట ముందు బండ్ల వరుస ఉంటే నేను ఇంజను తిరుగుతుండగానే ఆగాలి. ఆ నెమ్మది తిరుగుడునే షెడ్డులో ఐడిలింగ్ అంటారు, పాతవాళ్లు స్లో స్పీడ్ అంటారు. అది సరిగా లేకపోతే ఇంజను ఊగుతుంది, ఇంజను ఊగితే బాడీ ఊగుతుంది, తలుపులు గలగలలాడతాయి, సీటు మీది మనిషి పళ్లు బిగిస్తాడు.

నాకు ఆ రోగం వచ్చింది. ఎర్ర లైటు దగ్గర ఆగితే చచ్చిపోవడం, బతికించడానికి ఓనరు యాక్సిలరేటరు మీద కాలు తీయకపోవడం, కాలు తీయగానే వణుకు. దాంతోపాటు డ్రైవరు వైపు వెనక మూల కుంగింది. స్పీడు బ్రేకరు దిగితే ముందు చక్రాల దగ్గర ‘కటక్’మని చప్పుడు. ఓనరు నన్ను ఒక పెద్ద ఊళ్లో షెడ్డుకు తీసుకుపోయాడు. అక్కడ బానెట్ ఎత్తగానే కార్బరేటర్ విప్పారు, కిట్ మార్చారు, ప్లగ్గులు మార్చారు, స్లో స్క్రూ తిప్పి తిరుగుడు పెంచి పంపారు. ఆగకుండా తిరిగాను గాని, ఆ తిరుగుడులో గేరు వేస్తే ‘కర్ర్’మనేది. మూడో రోజుకు వణుకు మళ్లీ వచ్చింది. జబ్బు ఏమిటో తెలుసుకోకుండా మందు మార్చడం బండికీ మంచిది కాదు.

పుత్తూరులోనే ఒక పాత మేస్త్రీ ఉన్నాడు. ఆయన షెడ్డుకు ఒక గోడ అవతల మరమగ్గాలు. పుత్తూరు, నగరి, నారాయణవనం వైపు మరమగ్గాల చప్పుడు లేని వీధులు తక్కువ. మగ్గాలు తిరిగినంతసేపూ ఆయన నా ఇంజను గురించి ఒక్క మాటా అనలేదు. నన్ను స్టార్టు చేయించి, పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కరెంటు పోయింది. మగ్గాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. అప్పుడు లేచి వెనక్కి వెళ్లి సైలెన్సరు గొట్టం ముందు అరచెయ్యి పెట్టాడు. షెడ్డులో కొత్తగా చేరిన పిల్లోడు స్క్రూడ్రైవరు తీసుకుని కార్బరేటర్ మీదకు వంగాడు.

‘రేయ్, ముట్టుకోవద్దు. ముందు ఇను. ఒకే లెక్కలో తప్పుతుండాదా, ఇష్టమొచ్చినట్టు పైకీ కిందికీ పోతుండాదా?’

ఆ ప్రశ్నలో సగం వైద్యం ఉంది. నాలుగు సిలిండర్లలో ఒకటి పనిచేయకపోతే అరచేతికి గాలి ఒక లయలో తప్పుతుంది: మూడు కొట్టి ఒకటి వదిలేస్తుంది. తిరుగుడు తనంతట తాను పెరిగి తగ్గుతుంటే గాలికీ పెట్రోలుకీ లెక్క కుదరలేదని అర్థం. నాది రెండో రకం. అయినా ఆయన నమ్మేయలేదు. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటీ పీకి చూశాడు. ఏ వైరు తీసినా ఇంజను మందగించాలి. తీసినా తేడా రాకపోతే ఆ సిలిండరు ముందే చచ్చినట్టు. మూడో వైరు తీసినప్పుడు తేడా కొంచెం తక్కువగా వచ్చింది. దాన్ని మనసులో పెట్టుకున్నాడు.

తర్వాత డెల్కో, అంటే డిస్ట్రిబ్యూటరు, మూత తీశాడు. పాయింట్ల మీద ఒక పక్క గుంట, ఎదురు పక్క బొడిపె. కొత్తవి వేసి ఫీలర్ గేజితో 15 థౌ, అంటే సుమారు 0.4 మిల్లీమీటరు సందు పెట్టాడు. ఆ తర్వాత టాపెట్లు. మూడో సిలిండరు ఎగ్జాస్టు వాల్వు దగ్గర గేజి దూరనేలేదు. టాపెట్ టకటకమంటే అందరూ కంగారుపడతారు గాని, అసలు భయపడాల్సింది సందే లేని టాపెట్‌కు. అది చప్పుడు చేయదు. వాల్వు పూర్తిగా మూసుకోదు, వేడి దిగడానికి దారి లేక అంచు మాడిపోతుంది. ఇంకొన్నాళ్లు పోతే హెడ్డు విప్పాల్సి వచ్చేది. పెద్ద ఊరి షెడ్డులో ఆ చోటికి ఎవరి చూపూ పోలేదు.

ఇంత చేసినా వణుకు తగ్గింది గాని పోలేదు. అప్పుడు ఆయిల్ క్యాన్ తీసుకుని ఇన్‌లెట్ మానిఫోల్డ్ అంచుల వెంట ఒక్కో చుక్క వదిలాడు. కొందరు అక్కడ పెట్రోలు చల్లుతారు. వేడి ఎగ్జాస్టు పక్కనే ఉంటుంది కనుక అది నిప్పుతో ఆట. మానిఫోల్డ్ దగ్గర ఏమీ లేదు. కార్బరేటర్ అడుగున, రెండు బోల్టుల నడుమ చుక్క పడగానే నా తిరుగుడు కుదురుకుంది. ఆయిల్ లోపలికి పీల్చుకోగానే మళ్లీ తడబడింది. ఇంకో చుక్క వేశాడు, మళ్లీ కుదురుకుంది.

‘గాలి తాగుతుండాది నైనా,’ అన్నాడు ఓనరుతో. ‘బోల్టులు అదిమి బిగించేసినారు. అడుగు వంగిపోయింది.’

విప్పి అడుగుమీద ఉక్కు స్కేలు నిలబెట్టి చూస్తే మధ్యలో వెలుగు కనబడింది. అద్దం ముక్క మీద ఎమెరీ కాగితం పరిచి, కార్బరేటర్ అడుగును ఎనిమిది ఆకారంలో తిప్పుతూ రుద్దాడు. లోహం మెరుపు అంచుల్లో మొదలై నెమ్మదిగా నడిమికి పాకింది. ఆ మెరుపు మొత్తం పరుచుకున్నాకే ఆపాడు. ప్యాకింగు కొనలేదు. షీటును కార్బరేటర్ అడుగుమీదే పెట్టి, గుండు సుత్తితో అంచు వెంట చిన్నచిన్నగా తట్టాడు. అంచు దానంతటదే షీటును కోసింది, బోల్టు రంధ్రాలు గుండ్రంగా విడిపోయాయి. స్లో జెట్‌ను గాలితో ఊదాడు, తీగ మాత్రం దూర్చలేదు. ఇత్తడి జెట్టులో తీగ దూరిస్తే రంధ్రం పెద్దదవుతుంది, ఆ తర్వాత ఏ స్క్రూ తిప్పినా లెక్క దొరకదు. పెట్రోలు పంపు డయాఫ్రం కూడా చూశాడు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. నా కాలం రబ్బర్లు దానికోసం చేసినవి కావు, మెత్తబడి ఉబ్బుతాయి. అదీ మార్చాడు.

చివరగా ఎయిర్ స్క్రూ. లోపలికి తిప్పుతూ పోయి ఇంజను తడబడినచోట ఆగాడు, బయటికి తిప్పి మళ్లీ తడబడినచోట ఆగాడు, రెండింటి నడుమ నిలిపాడు. పక్కన రిపేరుకు వచ్చిన ఒక మారుతి ఉంది. దాని ఐడిలింగ్‌ను కంప్యూటరే చూసుకుంటుంది, తప్పు చేస్తే స్కానరులో కోడు చూపిస్తుంది. నా దగ్గర కోడు లేదు. నా మాట వినాలంటే చెవి, చెయ్యి కావాలి.

అన్నీ అయ్యాక కూడా సీటులో ఒక సన్నని కంపం మిగిలింది. ఇంజను సాఫీగా ఉంది, బాడీ ఊగుతోంది. మేస్త్రీ సంపు కింద చెక్క పెట్టి జాకీతో ఇంజనును పిసరంత ఎత్తించాడు. కంపం ఆగిపోయింది. ఇంజను కూర్చునే మౌంటింగ్ రబ్బరు ఏళ్లతరబడి కారిన ఆయిలులో నాని చితికిపోయింది. ఇనుము మీద ఇనుము కూర్చుంది. కార్బరేటర్ కిట్లు ఎన్ని మార్చినా ఈ కుదుపు పోయేది కాదు.

నా కార్ఖానా 2014 మేలో ఆగిపోయింది. 2017లో పేరును కూడా 80 కోట్లకు ఫ్రెంచి కంపెనీ ప్యూజో కొనుక్కుంది. నాకు సామాను కావాలంటే చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డులోనో, పుదుపేట పాత సామాన్ల సందుల్లోనో వెతకాలి. ఓనరు పొద్దున బస్సుకు పోయి మౌంటింగులు, షాకిల్ బుష్షులు, కుంగిన వెనక మూల కోసం ముందుజాగ్రత్తగా ఒక మెయిన్ పట్టీ మోసుకుని రాత్రికి తిరిగొచ్చాడు. ఆ మనిషి ఈ కష్టం పడకుండా నన్ను తూకానికి అమ్మేసి ఉండొచ్చు. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను మళ్లీ చేయించాలి, ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి ఎన్నో రెట్లు పెరిగింది. అయినా వదల్లేదు.

మౌంటింగులు మార్చాక వెనక కమాను కట్ట దించారు. పట్టీల నడుమ తుప్పు అట్టలుగా రాలింది. పట్టీలు ఒకదానిమీద ఒకటి జారాలి. తుప్పుతో అతుక్కుంటే కట్ట మొత్తం ఒకే ఇనుప దూలమై గుంటను నేరుగా సీటుకు అప్పగిస్తుంది. మేస్త్రీ మెయిన్ పట్టీని కిరసనాయిలుతో తుడిచి, వేలి కొసలతో అడుగు వెంట మెల్లగా తడుముతూ పోయాడు. రాచపాళెంలో వాపు మీద వేళ్లు అట్లాగే నడుస్తాయి. సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర ఆగాడు. వెంట్రుకవాసి చీలిక. కంటికి దొరకనిది వేలికి దొరికింది. వెల్డింగు పెట్టమని ఎవరో సలహా ఇచ్చారు. ఒప్పుకోలేదు. స్ప్రింగు ఉక్కు మీద వెల్డింగు వేడి పడితే ఆ పక్కనే పెళుసై విరుగుతుంది. కొత్త పట్టీ వేసి, మిగిలినవాటిని రుద్ది, కుంగినవాటిని దిమ్మె మీద సుత్తితో కొట్టి వంపు తెప్పించి, గ్రాఫైటు గ్రీజు పూసి కట్ట కట్టాడు.

ముందు చక్రం ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపితే కింగ్‌పిన్ దగ్గర ఆట దొరికింది. ‘కటక్’ చప్పుడు అక్కడిదే. గ్రీజు నిపిల్ మట్టితో పూడిపోయి, కొట్టిన గ్రీజంతా బయటే కారిపోయింది. పిన్నులు, బుష్షులు మార్చారు. టార్షన్ బార్లు విప్పాల్సి వచ్చినప్పుడు పిల్లోడు రెండింటినీ ఒకేచోట పెట్టబోయాడు. మేస్త్రీ వెంటనే ఒకదానిపై తెల్ల రంగు గుర్తు పెట్టించాడు. ఆ కడ్డీ ఇన్నేళ్లూ ఒకే వైపు మెలి తిరుగుతూ బరువు మోసింది. అటుదాన్ని ఇటు బిగిస్తే ఎదురు మెలికకు అలిసి విరగొచ్చు.

షాకిల్ బోల్టులు గాలిలో ఉండగా బిగించలేదు. వేళ్లతో పట్టించి, నన్ను నేలమీదకు దించి, వెనక సీటులో ఇద్దర్ని కూర్చోబెట్టి, అప్పుడు స్పానరు వేశాడు. బండి గాలిలో ఉన్నప్పుడు బిగిస్తే నేలకు దిగగానే రబ్బరు బుష్షు మెలిపడి ఉంటుంది, నెలలు తిరక్కుండా చిరుగుతుంది. పిల్లోడికి ఇది రెండుసార్లు చెప్పాడు. చెప్పాల్సిందే. ఈ పని తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి, పని మాత్రం ఇంకా ఉంది.

మొదటి బాడుగ తిరుత్తణి నుంచి. బావి గట్టు మీద జారి తుంటి దగ్గర దెబ్బ తిన్న అవ్వ, వెంట మనవడు. నగరి దాటాక రోడ్డు పనుల దగ్గర ఓనరు నన్ను పక్కదారిలో దించాడు. వెనక కట్ట వంగి, పట్టీలు జారి, మళ్లీ లేచాయి. అవ్వ మనవడితో పాలిచ్చే ఆవు గురించి మాట్లాడుతోంది, మాట తెగలేదు. కట్టు కట్టేచోట మా ముందు నాలుగు బండ్లు ఉన్నాయి. ఓనరు ఇంజను ఆపలేదు, కాలు యాక్సిలరేటరు మీద పెట్టనూ లేదు. మనవడు అవ్వకు ఇవ్వాల్సిన మంచినీళ్ల గ్లాసును సీటు పక్కన నా గడప మీద పెట్టి చీటీ రాయించడానికి దిగాడు. వచ్చేసరికి నీళ్లు ఒలకలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మేస్త్రీ నన్ను షెడ్డు ముందు ఆపించి యూ బోల్టులు మళ్లీ ఒక పట్టు బిగించాడు. కొత్తగా కట్టిన కట్ట కొంత దూరం తిరిగాక సర్దుకుంటుంది, బోల్టులు వదులవుతాయి. ‘ఆదివారం ఇంకోసారి తీసుకురా నైనా, గ్రీజు కొడదాం,’ అన్నాడు. ఆదివారం అరక్కోణం బాడుగ ఉందని, మోచెయ్యి విరిగిన పిల్లవాణ్ని తేవాలని ఓనరు చెప్పాడు. ‘అయితే శనివారం సాయంత్రమే రా,’ అని మేస్త్రీ గ్రీజు గన్ తీసి బల్లమీద పెట్టుకున్నాడు.