పరిశోధన పాలైన ఇల్లు

డిగ్రీ పిల్లల ప్రాజెక్టు ఎలా తయారవుతుందో మా మార్కాపురంలో ఎవర్నడిగినా చెబుతారు. జిరాక్సు షాపుకు పోతే నిరుటి పిల్లల ప్రాజెక్టు కంప్యూటర్లో సిద్ధంగా ఉంటుంది. పేరూ, హాల్ టికెట్ నంబరూ మార్చి, స్పైరల్ బైండింగ్ చేయించుకుంటే సాయంత్రానికల్లా పరిశోధన పూర్తి. తల్లిదండ్రుల మనశ్శాంతికి ఇంతకన్నా మేలైన ఏర్పాటు మన విద్యావిధానం ఇంకా కనిపెట్టలేదు. అట్లాంటిది, మా అమ్మాయి తన ప్రాజెక్టు తనే చేసుకుంటానని భీష్మించుకుంది. దానివల్ల ఒక మర్యాదస్తుడి సంసారానికి వాటిల్లిన నష్టాలను పెద్దల ముందు పెట్టడానికే ఈ అర్జీ.

తను తీసుకున్న విషయం మా పడమటి ప్రాంతంలో ఫ్లోరైడ్ చరిత్ర. ఫ్లోరైడ్‌కు చరిత్రేమిటి అయ్యా? అది మా పళ్ళ మీదే ఉంది. మా తాతవీ, మా నాన్నవీ, నావీ గార పట్టిన చారల పళ్ళే. ఆస్తి పంపకాల్లో తగాదా లేకుండా అందరికీ సమానంగా వచ్చింది అదొక్కటే. పెళ్ళిచూపుల్లో ఎవరైనా అడిగితే వక్కపొడి అలవాటని సర్దిచెప్పుకునేవాళ్ళం.

"లైబ్రరీకి పోవాలి నాన్నా, హైదరాబాదు గడ్డిఅన్నారం" అంది. బత్తాయిల మార్కెట్టుకు లైబ్రరీ ఎందుకో అనుకున్నా. ఆ మార్కెట్టు ఊరి బయటికి పోయిందట. మా అమ్మాయి పోయేది వైద్య చరిత్ర కోసమే పెట్టిన జాతీయ సంస్థకు. ఎర్రగొండపాలెం, మాచర్ల, సాగర్ మీదుగా బస్సెక్కి, నడుం పట్టేసి దిగాను. ఇదంతా ఎవరి నిర్వాకమని విచారిస్తే డి.వి. సుబ్బారెడ్డి గారి పేరు చెప్పింది. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ ప్రొఫెసరు. ఆయన ఫిజియాలజీ చెప్పుకుంటూ ఊరుకోకుండా వైద్య చరిత్ర వెంట పడ్డారు. 1956లో ఉస్మానియా మెడికల్ కాలేజీలో ఆ పేరుతోనే ఒక శాఖ మొదలైంది. అదే పెరిగి పెద్దదై, 2009 నుంచి జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ అనే ఊపిరాడనంత పొడుగు పేరు పెట్టుకుంది. తాటాకు గ్రంథాలూ, ఎన్నడూ వినని పాత పుస్తకాలూ అక్కడి సొత్తు. డాక్టర్లయిన వాళ్ళు జబ్బులు నయం చేసి ఇంటికి పోవాలి గానీ, వాటి జాతకాలు రాసిపెట్టడం దేనికి?

ఇట్లాంటి లైబ్రరీని వాడుకోవడానికి ఒక పద్ధతుందట. కాలేజీ నుంచి ఉత్తరం, గుర్తింపు కార్డు, చేతిలో పెన్సిలు. ఏం కావాలో ముందే రాసి పంపుకుంటే మరీ మంచిది. అంతా బాగానే ఉంది. అసలు తిరకాసు జిల్లా పేరుతో వచ్చింది. "ప్రకాశం అని వెతికితే ఏమీ దొరకదు నాన్నా" అంది. ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో, ఒంగోలు జిల్లాగా. ప్రకాశం పేరు 1972లో పెట్టారు. అంతకుముందు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి. పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరువి. కాబట్టి అంతకుముందు మాకొచ్చిన రోగాలన్నీ పక్క జిల్లాల ఖాతాలో ఉన్నాయి. మా నొప్పులు కూడా మా పేరున లేవంటే ఏం చెప్పుకోమంటారు?

నెల్లూరు అని వెతికేసరికి ఇంట్లో శాంతి పోయింది. ఇండియన్ మెడికల్ గెజిట్, 1937. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ అనే ఫ్లోరైడ్ జబ్బు గురించి రాసిన వ్యాసం. మన దేశంలో ఈ జబ్బును గుర్తుపట్టి లోకానికి చెప్పిన తొలి రాతల్లో అదొకటి. ఆ షార్ట్ గారే తర్వాత 1948లో, ఇంకొకాయనతో కలిసి, మలేరియా క్రిమి రక్తంలోకి రాకముందు మనిషి కాలేయంలో దాక్కుంటుందని కనిపెట్టాడు. అంతటి మనిషి మా నీళ్ళ సంగతి తేల్చిపోయాడన్నమాట. ఆ వ్యాసం కోసం బీరువాలు వెతకనక్కర్లేదు కూడా. అమెరికా ప్రభుత్వపు వైద్య గ్రంథాలయం దాన్ని ఇంటర్నెట్లో ఊరికే పెట్టింది. మా నీళ్ళ చరిత్ర వాషింగ్టన్ పక్కన భద్రంగా ఉంది. నీళ్ళు మాత్రం ఇక్కడే ఉన్నాయి.

అప్పట్నుంచీ అన్నం తినేటప్పుడు కూడా ఉపన్యాసమే. బోరు లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడు పెరగొచ్చట. లీటరులో ఒకటిన్నర మిల్లీగ్రాము దాటకూడదట. కాచి తాగితే పోదట, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుందట. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు తాగితే వచ్చే పళ్ళు మచ్చలతోనే వస్తాయట. దానితో మా వక్కపొడి కథ కాస్తా కొట్టుకుపోయింది. 1973లో హైదరాబాదు పోషకాహార సంస్థ వాళ్ళు నల్గొండ వైపు పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి రాశారు. పటిక, సున్నం వేసి నీళ్ళు తేర్చే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. మావైపు 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. కృష్ణ నీళ్ళు కొండ కిందుగా సొరంగంలో వస్తాయన్నారు. ఆ రాయి పడ్డనాటికి మా అమ్మాయి పుట్టనే లేదు. అదిప్పుడు ఆ సంవత్సరాలన్నీ ఒక చార్టు మీద వరసగా రాసి, సరిగ్గా నీళ్ళ క్యాను పైన గోడకు అంటించింది. పోనీ, చార్టు పీకేద్దామంటే గోడ సున్నం రాలుతోంది.

ఇంతకు ముందు హాయిగా ఉండేవాళ్ళం. నడుం పట్టేస్తే పూర్వజన్మ పాపం, మోకాలు నొప్పెడితే వయసు, పళ్ళు పాడైతే వంశం. వీటిలో దేనికీ తారీఖులుండవు గనుక ఎవరిమీదా కోపం రాదు. ఇప్పుడు 1937 అని ఒక సంవత్సరం ఇంట్లో తిరుగుతోంది. క్యాను తెచ్చే కుర్రాడికి డబ్బులిచ్చిన ప్రతిసారీ తీసివేత లెక్క వేసుకోవాల్సి వస్తోంది.

మా అమ్మ సంగతి మరీ అన్యాయం. పుస్తకాల్లో లేనిది ముసలివాళ్ళ నోట దొరుకుతుందని, "అవ్వా, నువ్వు చెప్పు" అంటూ మనవరాలు ఫోను పెట్టి రికార్డు చేయడం మొదలుపెట్టింది. అదివరకు దేవుడి సంగతులు తప్ప మాట్లాడని మనిషి, ఇప్పుడు టీ గ్లాసు ముందు పెట్టి, "రికార్డు పెట్టావా?" అని అడిగి గానీ నోరు విప్పదు. ఒకరోజు నారికురుపు మాటెత్తింది. దిగుడుబావి నీళ్ళు తాగినోళ్ళ కాళ్ళలో నుంచి పురుగు బయటికొస్తే పుల్లకు చుట్టి లాగేవాళ్ళట. "అది మన దేశంలో లేకుండా పోయిందవ్వా, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు ఖాయం చేశారు" అంది పిల్ల. అవ్వ కాసేపు ఆలోచించి, "కాళ్ళలో పురుగును తరిమేసినోళ్ళకు ఈ నీళ్ళ సంగతి చేతగాలేదా?" అని నావైపు తిరిగింది. నేను పలకల వ్యాపారిని. నన్నడిగితే ఏం చెప్పను?

ప్రాజెక్టు ఇచ్చేసింది. జిరాక్సు షాపు నుంచి తెచ్చిన పక్కింటి కుర్రాడికీ దీనికీ మార్కులు సమానం. వాడిది బైండింగు బాగుందని మెచ్చుకున్నారు కూడా. ఇక్కడితో పీడ విరగడవుతుందనుకుంటే, అప్పట్లో కర్నూలూ నెల్లూరూ మద్రాసు కిందివి గనుక పాత కాగితాల కోసం ఎగ్మూరు ఆర్కైవ్స్‌కు పోవాలంటోంది. అవ్వ కూడా వస్తుందట, సాక్షిగా. రెండు టికెట్ల డబ్బులు ఎవరు పెట్టుకుంటారో పెద్దలు సెలవియ్యాలి.