నా పేరు చూసి పేజీ ఇవ్వకండి

నేను యూజర్ ఏజెంట్‌ని. మీరు ఏ వెబ్‌సైటు తెరిచినా మీ బ్రౌజర్ సర్వర్‌కు పంపే అభ్యర్థనలో ఒక పంక్తిగా వెళ్తాను. వచ్చింది ఎవరో చెప్పడమే నా పని. కానీ కంప్యూటర్‌లోని క్రోమ్ తరఫున వెళ్లినప్పుడు నేను 'మొజిల్లా/5.0' అని మొదలుపెట్టి, 'యాపిల్‌వెబ్‌కిట్', 'లైక్ గెకో', 'క్రోమ్' అంటూ సాగి 'సఫారి'తో ఆగుతాను. నలుగురి పేర్లు ఒక్కడికి ఎలా అంటుకున్నాయో తెలిస్తే, బ్రౌజర్ పేరును బట్టి పేజీలు రాయడం ఎంత నష్టమో తెలుస్తుంది.

1994లో వచ్చిన నెట్‌స్కేప్ నాతో 'మొజిల్లా' అని పలికించింది. తర్వాత దానికి పేజీని భాగాలుగా విడదీసే ఫ్రేములు చూపడం వచ్చింది. దాంతో చాలామంది సైట్ల తయారీదారులు నాలో ఆ మాట ఉంటేనే మంచి పేజీ ఇచ్చి, లేనివాళ్లకు సాదాది పంపారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా 'మొజిల్లా' అనే చెప్పుకుని, పక్కన 'కంపాటిబుల్' అని చేర్చుకోవలసి వచ్చింది. 2003లో సఫారి, మొజిల్లా ఇంజన్ గెకో పేరు వాడుకుని 'లైక్ గెకో' అంది, 2008లో క్రోమ్ సఫారి పేరు కలుపుకుంది, 2015లో ఎడ్జ్ క్రోమ్ పేరునూ తగిలించుకుంది. 2009లో ఒపెరా పదో వెర్షన్ వచ్చినప్పుడైతే, కొన్ని సైట్లు మొదటి అంకె ఒక్కటే చదివి దాన్ని ఒకటో వెర్షన్ అనుకున్నాయి. అందుకే ఒపెరా నాలో 9.80 అని రాసి, అసలు సంఖ్యను చివర పెట్టింది. ఈ అబద్ధాలకు మూలం బ్రౌజర్లలో లేదు, గుమ్మం దగ్గర పేరు అడిగిన కోడ్‌లో ఉంది.

పేరు మారినంత మాత్రాన శక్తి రాదు. కొన్ని తెలుగు పత్రికల సైట్లు ఒకప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే అందే డైనమిక్ ఫాంట్లు వాడేవి. ఫైర్‌ఫాక్స్‌లో నన్ను ఎలా మార్చి పంపినా తెరమీద తెలుగు కనబడేది కాదు. ఆ అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' లాంటి పొడిగింపు కావలసి వచ్చింది. కాబట్టి 'నువ్వెవరు?' అనకుండా 'ఈ పని నీకు వచ్చా?' అని అడగాలి. సీఎస్‌ఎస్‌లో '@సపోర్ట్స్' నియమం ఉన్నది అందుకే. జావాస్క్రిప్ట్‌లోనూ కావలసిన ఫంక్షన్ ఉందో లేదో ఒక్క పంక్తిలో చూడవచ్చు.

సదుపాయం ఉండీ ఒక వెర్షన్‌లో తప్పుగా నడిస్తే ఏం చేయాలని అడుగుతారు. నిజమే, అక్కడ నన్ను చదవక తప్పదు. కానీ ఆ ఒక్క లోపానికే చదవండి, దాన్ని సరిచేసిన రోజున ఆ కోడ్ తీసేయండి. ఇప్పుడు అంతా క్రోమే కదా, ఒక్కదానిలో చూస్తే చాలదా అనేవాళ్లూ ఉన్నారు. చాలదు. మన దేశంలో ఐఫోన్ మీద క్రోమ్ తెరిచినా లోపల నడిచేది సఫారి ఇంజన్ వెబ్‌కిట్. పేరు ఒకటే, యంత్రం వేరు.

క్రోమ్ ఇప్పుడు నాలో వెర్షన్ మొదటి సంఖ్యనే ఉంచి, మిగతా చోట్ల సున్నాలు నింపుతోంది. నా నుంచి తెలిసేదీ తగ్గుతోంది కాబట్టి, మీ సైటులో ఎక్కడైనా నన్ను చదివి దారి మళ్లించే పాత పంక్తి ఉంటే, దయచేసి వెతికి తీసేయండి.