గొట్టపు ఊపిరి: టీకా తాత్పర్య సహితము

అవతారిక: ఆత్మకూరులో మా ఇంటి వెనుక ఎనుములకు నీళ్లు పెట్టే సిమెంటు తొట్టి కలదు. మోకాటి లోతు. అండమాన్ పోయి వచ్చిన మేనల్లుడు అక్కడ కొన్న మాస్కునూ స్నార్కెల్‌నూ ఒక ఆదివారం దాని గట్టున పెట్టి, యాభై దాటిన నన్ను అందులో ముఖం ముంచమన్నాడు. మూడో శ్వాసకే నేను లేచి దగ్గుతుండగా, ఎగతాళితోనో కరుణతోనో అతడు పలికినది ఈ వాక్యం. పూర్వ వ్యాఖ్యాతలెవరూ దీని జోలికి పోలేదు గనుక ఆ భారం నా మీద పడింది.

మూలము: "మామా, ముక్కుండాదనే సంగతి మర్చిపో. గొట్టం కర్సిపట్టి నిదానంగా పీల్సు, అంతకన్నా నిదానంగా ఇడ్సు."

ప్రతిపదార్థము: మామా = ఓ మేనమామా (పిల్లనిచ్చిన మామ కాడు); ముక్కు + ఉండాది + అనే = నాసిక యొకటి కలదను; సంగతి = విషయమును; మర్చిపో = విస్మరింపుము; గొట్టం = స్నార్కెల్‌ను; కర్సిపట్టి = దాని రబ్బరు మూతిని పండ్ల నడుమ నిలిపి (కొరికి తెంపుట కాదు; నేను తెంపబోయితిని); నిదానంగా = తొందర లేక; పీల్సు = గాలిని లోనికి గొనుము; అంతకన్నా = పీల్చినదానికంటె; నిదానంగా = మిక్కిలి మెల్లగా; ఇడ్సు = విడువుము. వకారలోపం మా సీమలో దోషం కాదు.

తాత్పర్యము: స్పష్టము. చేయుటయే కష్టము.

విశేషములు: "గొట్టం". స్నార్కెల్ అన్నది జర్మన్ మాట నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ల జలాంతర్గాములు నీటిపైకి చాచిన గాలి గొట్టానికి ఆ పేరు. ఆ భాషలో గురకకున్న మాట దీనికి చుట్టమే. ముఖం ముంచాక చెవిలో వినబడే మన ఊపిరి, పక్క గదిలో ఎవరో పడుకున్నట్టే ఉంటుంది మరి.

"మర్చిపో". ఇది ఆజ్ఞార్థకమే గానీ, ఆజ్ఞాపిస్తే మరపు వస్తుందా? మాస్కు ముక్కును కూడా కప్పేస్తుంది. అలవాటు కొద్దీ ముక్కుతో పీలిస్తే అది జలగలా ముఖానికి పట్టుకుంటుంది. ముక్కుతో వదిలితే అద్దం మసకబారుతుంది. అంగిలి వెనుకనున్న మెత్తని భాగం పైకి లేచి ముక్కు దారి మూయాలి. దానికి మన మాట వినే అలవాటు లేదు. అందుకని మేనల్లుడు నన్ను నీళ్ల దగ్గర్నుంచి లేపి, నులకమంచం మీద కూర్చోబెట్టి, మాస్కూ గొట్టమూ తగిలించి, పది నిమిషాలు ఊరికే ఊపిరి తీయమన్నాడు. మా అమ్మ బయటికొచ్చి చూసి, "ఏంరా, హుక్కా మరిగినావా?" అంది.

"అంతకన్నా". వాక్యానికి ప్రాణం ఈ మాటే. ఊరికే కూర్చున్న మనిషి ఒక్కో శ్వాసకు సుమారు 500 మిల్లీలీటర్ల గాలి తీస్తాడు. అందులో 150 దాకా గొంతులోనూ శ్వాసనాళాల్లోనూ నిలిచిపోతుంది, పనికిరాదు. గొట్టం తగిలించామంటే దానిలో నిలిచే గాలి కూడా ఆ లెక్కలో కలుస్తుంది. అంటే పీల్చిన ప్రతిసారీ ముందుగా లోపలికొచ్చేది ఇందాక మనం వదిలినదే, ఎంగిలి గాలి. భయపడి కుక్కలా ఒగర్చేవాడు ఆ ఎంగిలినే మళ్లీ మళ్లీ తాగుతాడు. ఊపిరి చాల్లేదనిపించి ఇంకా ఒగరుస్తాడు. తొట్టిలో నా మొదటి మూడు శ్వాసల చరిత్ర ఇదే. తీరిగ్గా, బాగా వదిలితే తర్వాతి శ్వాస దానంతటదే లోతుగా వస్తుంది, ఎంగిలి వెనకాలే కొత్త గాలి కూడా చేరుతుంది.

శంక: గొట్టాన్ని పొడుగు చేసి సిద్ధాపురం చెరువు అడుగున కూర్చోరాదా?

సమాధానము: రాదు. చిన్నప్పుడు బావిలో బొప్పాయి కాడతో నేనూ ప్రయత్నించాను. మీటరు లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీదా నీరు 100 గ్రాముల బరువు వేస్తుంది. గొట్టంలోది పైగాలే కాబట్టి, ఆ బరువునంతా రొమ్ము కండరాలే ఎత్తాలి, ఎత్తలేవు. మడుగులో దాగిన దుర్యోధనుడు జలస్తంభన విద్యను నమ్ముకున్నాడే గానీ కాడను కాదు. ఏనుగు మాట వేరు. ఊపిరితిత్తికీ రొమ్ము గోడకూ మధ్య మనకుండే సన్నని సందు దానికి లేదు. అక్కడ కణజాలం నిండి ఉంటుంది. అందుకే తొండం పైకెత్తి, ఒళ్లంతా ముంచి ఈదగలదు. నీట మునిగేవారి గాలి గొట్టాలను అరిస్టాటిల్ ఆనాడే ఏనుగు తొండంతో పోల్చాడు. పోతన గజేంద్రుడికీ గొట్టం పుట్టుకతోనే ఉంది. అతని చిక్కు కాలిది, ఊపిరిది కాదు.

పాఠభేదము: వాక్యం చివర "నీళ్లొస్తే తూ అను" అని కొన్ని ప్రతులలో కలదు. మేనల్లుడు మధ్యాహ్నం భోజనం తర్వాత చేర్చినది. గొట్టంలో నీరు దూరితే గట్టిగా "తూ" అని ఊదాలి. ప్రక్షిప్తమే అయినా వదలదగినది కాదు.

సాయంత్రానికి ధైర్యమొచ్చి, ఇక సంగమేశ్వరం పోదామా అన్నాడు మేనల్లుడు. అక్కడి దేవుడు శ్రీశైలం ఆనకట్ట వెనుక నీళ్లలో ఏడాదిలో ఎక్కువ నెలలు మునిగి, వేసవిలో బయటపడేవాడు. ఆయనకు గొట్టం అక్కర్లేదు. కృష్ణలో మొసళ్లున్నాయి, నేను తొట్టిలోనే ఉంటానన్నాను.

ఎనిమిదో రోజు ఇరవై ఒక్క శ్వాసలు లెక్కపెట్టాను. ఇరవై రెండోదానికి నీరు కదిలింది. అద్దానికి జానెడు దూరంలో నల్లటి మూతి దిగింది. మా ఎనుము పెదవులు మాత్రం ముంచి, ముక్కు నీటికి పైనే నిలుపుకుని, నిదానంగా తాగుతోంది.