వోల్టు వీరులకో దండం

మణుగూరులో కరెంటు సంగతి ఒకరు చెబితే ఇంకొకరు వినాల్సిన ఖర్మ లేదు. కాళ్ల కింద సింగరేణి బొగ్గు, పక్కనే 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం, కాస్త ముందుకెళితే అశ్వాపురంలో భారజల కర్మాగారం. ఇంత విజ్ఞానం బూడిదతో పాటు గాల్లో తేలుతుంటే, పాత బండి ఇంజన్ పీకించి బ్యాటరీ పెట్టించుకునేవాడికి సలహాలకేం కొదవ?

"నలభై ఎనిమిది వోల్టులా? అది కూరగాయలకు పోయే బండికన్నా! డెబ్బై రెండు ఏయించు. రాకెట్టే!"

ఏయించాడు. ఎన్ని యాంపియర్ అవర్లు (ఏహెచ్) అని మాత్రం అడగలేదు. అడిగితే పరువు పోదూ!

48 వోల్టులు, 30 ఏహెచ్ ప్యాక్‌లో ఉండేది 1440 వాట్ అవర్లు. 72 వోల్టులు, 20 ఏహెచ్ ప్యాక్‌లోనూ అంతే. రెండూ ఒకటిన్నర యూనిట్ లోపే. ఓపెన్‌కాస్ట్‌లో వంద టన్నుల డంపర్ రెండు ట్రిప్పులేసినా, యాభై టన్నులది నాలుగేసినా కుప్పలో పడేది అదే బొగ్గు. గనిలో పాతికేళ్లు డ్యూటీ చేసినాయనకూ షోరూం మెట్లెక్కగానే ఈ లెక్క గుర్తుకు రాదు, అదేం మాయో!

డెబ్బై రెండులో గుణం లేదనడం లేదు. 1500 వాట్లు లాగాలంటే 48లో తీగలో 31 యాంపియర్లు పారాలి, 72లో 21 చాలు. అదే తీగ అయితే వేడి సగానికంటే తక్కువవుతుంది. అదే హబ్ మోటారు ఇంకా జోరుగా తిరుగుతుంది. కానీ మన వీరుడు 48 కిట్‌లో మార్చింది బ్యాటరీ ఒక్కటే. మోటారుకు కరెంటు అందించే కంట్రోలర్ ఆ కిట్‌దే, లోపల 63 వోల్టుల కెపాసిటర్లు. డెబ్బై రెండు అని పిలిచే లిథియం ప్యాక్ ఫుల్ ఛార్జింగ్‌లో 84 దాకా పోతుంది. "సెట్ అవుద్ది" అన్నాడు మెకానిక్. ఠప్పుమని సెట్ అయింది.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి చనిపోయారు. అవి కంపెనీ బళ్లు. ఇక టేపు చుట్టిన ప్యాక్‌ని మంచం పక్కన పెట్టి నిద్రపోయేవాడి ధైర్యానికి దండం పెట్టాలి. అందులోనూ మన మే నెల ఎండల్లో!

సర్కారు వారి లీల వేరు. 2020 నాటి తెలంగాణ ఎలక్ట్రిక్ వాహనాల విధానంలో పాత బండికి కిట్ బిగించుకుంటే ప్రోత్సాహకం రాశారు, మొదటి 5,000 ఆటోలకు. బైకువాడు ఏం పాపం చేశాడో! జరిమానాలో మాత్రం వాడిని మరిచిపోలేదు. ఆమోదం లేని కిట్ బిగిస్తే మోటారు వాహనాల చట్టం 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయలు, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా 60 వోల్టులు దాటిన డీసీని నిబంధనలు హై వోల్టేజ్ కిందే లెక్కగడతాయి, డెబ్బై రెండు అందులో పడ్డట్టే. నలభై ఎనిమిది ప్యాక్ ఫుల్ అయినా 54.6 దగ్గర ఆగుతుంది. కూరగాయల బండి అని వెక్కిరించింది దాన్నే.

"పొగ మానేశా" అని ఆ వీరుడి ఇంకో గొప్ప. మానలేదు నాయనా, థర్మల్ చిమ్నీకి అప్పజెప్పావు.

కిట్ కొనేవారికి ఒక్క మాట. మోటారు ఎన్ని వాట్లు, కంట్రోలర్ ఎంత వోల్టేజ్ తట్టుకుంటుంది, బ్యాటరీ ఎన్ని ఏహెచ్ అని అడగండి. వాహనాలను పరీక్షించే ఏఆర్‌ఏఐ లేదా ఐక్యాట్ సంస్థ ఆమోదపత్రం చూపించమనండి, ఆర్‌సీలో మార్పు రాయించుకోండి. ఆ కాగితం చూపలేని కొట్లో నలభై ఎనిమిదీ వద్దు, డెబ్బై రెండూ వద్దు.